తలకట్టు

ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చిందంటే తమిళనాట తెలుగు నేతవాళ్ళ ఊరు కే.జీ.కండిగైలో మగ్గాల చప్పుడు తగ్గి మనుషుల చప్పుడు పెరుగుతుంది. అమ్మవారి జాతరకు వసూళ్ళు మొదలవుతాయి. దాన్ని చందా అంటే ఊరివాళ్ళకు కోపం. అది తలకట్టు వరి. ఇంటి యజమాని తలను లెక్కగట్టి, ఇంటికింత అని గుడికి చెల్లించే పన్ను; పన్నును తమిళంలో వరి అంటారు. అడిగినప్పుడు సణగనివాడు ఆ ఊళ్ళో లేడు. అడగకుండా దాటిపోతే ఊరుకునేవాడు అసలే లేడు.

ఆ ఆదివారం పొద్దున గుడి పెద్ద వరదరాజులు, ఆయన వెనకాల రసీదు పుస్తకం పట్టుకుని నటరాజు, వీధి ఆ చివరినుంచి గడప గడపా తొక్కుతూ వచ్చారు. తంగమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కూతురు అభినయ తిన్నె మీద కాళ్ళు ముడుచుకుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంది. పక్కింట్లో రసీదు చించిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. రాట్నం తిరుగుతూనే ఉంది గానీ తంగమ్మ చేతిలో పోగు తెగింది. ఆమె రెండు కొసలనూ బొటనవేలి కింద పెట్టి, నలిపి, ముడివేసి, మళ్ళీ తిప్పింది.

నటరాజు రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని, వాళ్ళ వాకిలి ముందునుంచే నడుచుకుంటూ అవతలి ఇంటికి వెళ్ళిపోయాడు. వరదరాజులు మాత్రం ఆగి చెప్పులు విప్పాడు.

"తంగమ్మా, రవ్వంత కాఫీ పొయ్యి. పాపతో మాట ఉండాది."

నేత సంఘానికీ ఆయనే పెద్ద, గుడికీ ఆయనే పెద్ద. తంగమ్మను చెల్లెలి వరసతో చూస్తాడు. ఆ లెక్కన అభినయకు మామ. తిన్నె మీద చతికిలబడి, లాప్‌టాప్ వైపు పొరుగింటి దూడను చూసినట్టు కాస్త దూరంనుంచే చూశాడు.

"ఆ పని యాడిదాకా వచ్చింది పాపా?"

"లినక్స్‌లో నడస్తా ఉంది మామా. విండోస్‌లో నిన్న నడిచింది. ఇంక మాక్ ఒకటి, ఫోను ఒకటి."

"అన్నిట్లోనూ నడవాల. పిల్లోళ్ళకి గవర్మెంటు ఇచ్చిన లాప్‌టాప్ ఒక రకం, సంఘం ఆఫీసులోది ఇంకో రకం. మా పిల్లోడు శ్రీకర్ మద్రాసులో ఏందో కొరికిన కాయ బొమ్మ ఉండేదాన్ని పెట్టుకోని ఉండాడు. జాతరకి ముందురోజు మండపంలో అందరికీ చూపించాల. మీ నాయిన పేరు నిలబడాల గదా."

అభినయ నాయన దేవేంద్రన్ సంఘంలో గుమాస్తాగా పనిచేసేవాడు. అప్పట్లో సంఘానికి ఒక చిన్న కంప్యూటరు వచ్చింది. టైపు మిషనంత కీబోర్డు, దాన్ని టీవీకి తగిలిస్తే బొమ్మ, ప్రోగ్రాములు పాటల క్యాసెట్లలాంటి క్యాసెట్లలో. దేవేంద్రన్ దానిమీద కూర్చుని చీర అంచులు గీసే ప్రోగ్రాము ఒకటి రాశాడు. 'అంచుల పెట్టె' అని దానికి పేరు. ఆ కంప్యూటరు ఏనాడో పాత సామాన్లవాడి తక్కెడకెక్కింది. దేవేంద్రనూ పోయాడు. క్యాసెట్లు మిగిలాయి. దేశం కాని దేశంలో ఎవడో పుణ్యాత్ముడు, కొత్త కంప్యూటరు లోపల ఆ పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాము ఒకటి రాసి ఊరికే ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎమ్యులేటర్ అంటారు దాన్ని. అది లినక్స్‌లో మాత్రమే నడుస్తుంది. దాన్ని మిగతా వాటిలో నడిచేలా తిరగరాయడమే అభినయ పెట్టుకున్న పని.

ఈ తిరగరాయడం కొత్త కోడలిని ఇల్లిల్లూ తిప్పడం లాంటిది. వంట అదే. కానీ ఒక ఇంట్లో ఉప్పు పొయ్యి పక్కన ఉంటుంది, ఒక ఇంట్లో అటక మీద ఉంటుంది, ఇంకో ఇంట్లో అత్తగారిని అడిగితే తప్ప దొరకదు. శబ్దం ఎక్కడ పుట్టాలి, మీట నొక్కితే ఎవరికి చెప్పాలి, బొమ్మ ఎవరి చేతికివ్వాలి, అన్నీ ఒక్కోచోట ఒక్కో తీరు.

వరదరాజులు కాఫీ తాగి లోటా కింద పెట్టి లేచాడు. అభినయ గొంతు సవరించుకుంది.

"మామా, మా ఇంట్లో వరి అడగలేదే?"

రాట్నం ఆగిపోయింది.

"ఛ, మీ ఇంట్లో అడుగుతామా పాపా? మగదిక్కు లేని ఇంటిమీద వరి ఏస్తే ఊరికి మర్యాదేనా? తలకట్టు అంటే మగోని తల. ఆ భారం మీకేల?"

"భారమని మేము చెప్పలేదే."

"నీకు పెండ్లి కానీ. నీ మొగుని పేరు వాళ్ళ ఊర్లో రాసుకుంటారు, పో." ఆయన నవ్వి, ఆమె తలమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వులో కపటం లేదు. చిక్కల్లా అక్కడే ఉంది. కపటం ఉంటే కనీసం పోట్లాడవచ్చు. వరి లేని ఇల్లు తలకట్టు కాదు, తలకట్టు కాని ఇంటిముందు అమ్మవారి పల్లకి ఆగదు. ఎనిమిదేళ్ళుగా ఆ పల్లకి పక్కింటి ముందు ఆగి హారతి తీసుకుంటుంది, వీళ్ళ ఇల్లు దాటుతుంది, అవతలి ఇంటిముందు మళ్ళీ ఆగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా కాదు, మోసేవాళ్ళే ఇవ్వరు. తంగమ్మ ఏటా ఆ సాయంత్రం వాకిలి కడిగి, అందరిలాగే ముగ్గువేసి, మేళం వినబడగానే లోపలికెళ్ళి తలుపు వేసుకుంటుంది. అభినయ ఏటా ఆ రోజు ఆఫీసులో ఏదో ఒక పని కల్పించుకుని, అంతా సద్దుమణిగాక ఇల్లు చేరుతుంది. ఆ తలుపు చూడలేక.

"అట్ల అడగొచ్చునా పెద్దాయన్ని?" అంది తంగమ్మ, లోటా తీస్తూ.

"నీకు బాధ లేదామ్మా?"

"కందకు లేని దురద కత్తిపీటకేలనే?" అని ఆమె లోపలికి పోయింది. కందకు దురద లేదని కందే చెప్పాక కత్తిపీట ఏం మాట్లాడుతుంది? అభినయ లాప్‌టాప్ మూసేసింది.

*

అభినయ ఆఫీసు తిరువళ్లూరులో. చుట్టుపక్కల ఫ్యాక్టరీల మిషన్లకు సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న కంపెనీ అది, మేడమీద రెండు గదులు. సోమవారం బస్సు కనకమ్మ సత్రం దగ్గర చాలాసేపు కదలలేదు. తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకుపోయేవాళ్ళు రోడ్డు నిండా పసుపు బట్టల్లో నడుస్తున్నారు. కండక్టరు వాళ్ళను తిట్టలేక ప్రయాణికులను తిట్టాడు.

ఆఫీసులో ఒకే ఒక్క మాక్ ఉంది. ఓనరు కొని, వాడడం రాక మూల పెట్టిన పాతది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అభినయా, పక్క సీటు ఎస్తేరూ దానిముందు చేరారు. ఎస్తేరు వాళ్ళది ఆరణి. ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఏ భాషలో కోపం వస్తే ఆ భాషలో తిడుతుంది.

ఎమ్యులేటర్ మాక్‌లో మొదటిసారి తెరుచుకుంది. నల్లటి తెరమీద పాత టీవీ నీలం వెలుగు, ఆ తరవాత క్యాసెట్ కీచుమనే శబ్దం. ఎస్తేరు చెవులు మూసుకుంది. అభినయ మాత్రం మూసుకోలేదు. చిన్నప్పుడు నాయన భుజం మీదుగా విన్న శబ్దమది. ప్రోగ్రాము ఎక్కింది. మూడు వరుసల్లో ఏవో అక్షరాలు, కింద పరుచుకుంటూ ఒక అంచు.

అంచు చూడగానే అభినయ మొహం చిట్లించింది.

"రంగు తప్పు. ఇది అరక్కు అంచు. ఇక్కడ నీలంగా వస్తా ఉంది."

"నీకెట్ల తెలుసునే?"

"ఈ మొగ్గల అంచు నీలంలో ఎవురూ నెయ్యరు."

వెతికితే నిజమే. మాక్ ఎరుపునూ నీలాన్నీ తారుమారు చేసి తీసుకుంటోంది. రెండు అంకెలు అటూ ఇటూ మార్చగానే అంచు అరక్కు రంగుకు, అంటే ముదురు లక్క ఎరుపుకు, తిరిగింది. నేతవాళ్ళ పిల్ల కంటినుంచి రంగు తప్పు తప్పించుకుపోదు. అభినయకు కొంచెం గర్వం కూడా కలిగింది.

"అంతా బాగుండాది గానీ," ఎస్తేరు తెరకు మొహం ఆనించి అంది, "పైన ఆ అక్షరాల మీద ఏందే ఆ మచ్చలు? దుమ్ము మాదిరి."

నిజంగానే చాలా అక్షరాల నెత్తిమీద కొంచెం ఎడంగా రెండు మూడు చుక్కలు తేలుతున్నాయి. విండోస్‌లోనూ ఇలాగే ఉన్నాయి, లినక్స్‌లోనూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ అభినయ వాటిని పట్టించుకోలేదు.

"క్యాసెట్ పాతది గదా. బూజు పట్టింటుంది. చదివేటప్పుడు అక్కడక్కడా చుక్కలు పడతాయి."

"తుడిచెయ్యరాదా?"

తుడవడం ఎంతసేపు? నాలుగు చుక్కలకు తక్కువగా, దేనికీ అంటకుండా విడిగా ఉన్న మచ్చ అక్షరాల వరుసల్లో కనబడితే చెరిపెయ్యమని అభినయ ఒక కోడు ముక్క రాసింది. దానికి డస్ట్ అని పేరు పెట్టింది. మళ్ళీ నడిపితే అక్షరాలు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. విండోస్‌కీ, లినక్స్‌కీ, ఫోనుకీ అదే ముక్క అతికించింది. అంచుమీద ఒక్క మచ్చా లేకుండా దుమ్మంతా వచ్చి అక్షరాల నెత్తినే ఎందుకు వాలిందని ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఇద్దరూ చదువుకున్నది తమిళ బడిలో. తెలుగు వాళ్ళ నోట్లో ఉంది గానీ కంట్లో లేదు.

"జాతర మరునాడు మీ అమ్మ కొబ్బరన్నం పంపిస్తుంది గదా," అంది ఎస్తేరు లేస్తూ. "ఈసారి డబ్బా పెద్దది తీసుకురా. పోయినేడు నాకు రెండు ముద్దలే మిగిల్చినావు."

*

మంగళవారం సాయంత్రం నటరాజు వచ్చి విండోస్ కాపీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వెళ్ళాడు. సంఘం కంప్యూటర్లో ముందుగానే ఎక్కించి ఉంచమని పెద్దాయన చెప్పాడట. బుధవారానికి ఫోనులోనూ నడిచింది. అభినయ ఆ సంతోషంలో ఇంటికి వస్తూనే లాప్‌టాప్ తెరిచి అమ్మను పిలిచింది. ఇంకా ఎండ వాకిట్లోనే ఉంది.

"అమ్మా, రా. నాయన్ది చూడు."

తంగమ్మ కండెల బుట్ట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది. తెర నీలంగా వెలిగింది. క్యాసెట్ కీచుమంది.  అక్షరాలు వచ్చాయి.

ఆమె తెలుగు బడిలో అయిదు దాకా చదివింది. పెదాలు కదుపుతూ చదివింది.

"నమస్కారం. రండి. ఏ అంచు నెయ్యాల?" చదివి నవ్వింది. "రాసింది కూడా మాట్లాడినట్లే రాసినాడు చూడు. సంఘానికి ఎవురొచ్చినా అట్లే అంటా ఉన్నె."

 అభినయ నెలలుగా ఈ తెర ముందు కూర్చుంది. ఆ అక్షరాలు ఇలా మాట్లాడుతున్నాయని తెలియదు. నాయన మాట తన ఒళ్ళోనే ఉంది, తనకే వినబడలేదు.

తంగమ్మ కళ్ళు చిన్నవి చేసి తెరకు దగ్గరగా వంగింది. వేలితో ఒక్కో అక్షరం మీదా గాలిలో రాసింది.

"గుడి ఉండాది," అంది నిదానంగా. "తలకట్టే లేదు."

అభినయ విసురుగా తల తిప్పింది. "మళ్ళీ అదే మాటనా? నువ్వే గదా నాకేం లేదంటివి? నాయన్ది చూడమంటే ఇప్పుడు కూడా ఆ గుడి, ఆ తలకట్టేనా?"

"ఏ గుడినే?"

"అమ్మోరి గుడి."

 తంగమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్ళకో అలా నవ్వింది.

"అమ్మోరి గుడి కాదే పిచ్చిదానా. అక్షరం గుడి. ఇదో, 'డి' ఉండాది గదా, దాని నెత్తిన గుండ్రంగా ఉండేది గుడి. అది సరిగ్గానే ఉండాది. 'న'కి, 'మ'కి, 'ర'కి పైన తలకట్టు ఉండాల. టిక్కు మాదిరి. మాకు బడిలో చెప్పిస్తా ఉండ్రి. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం. ఇక్కడ అన్నీ బోడిగా ఉండాయి."

"టిక్కు మాదిరి అంటే... రెండు మూడు చుక్కలా?"

"ఆఁ. మీ నాయిన గళ్ళ కాయితం మీద పెడతా ఉంటే నేనే చెప్పినా, ఆ టిక్కు అక్షరానికి అంటించొద్దు, అంటిస్తే ముద్దగా కనిపిస్తుందని. ఒక గడి ఎడం పెట్టినాడు. టీవీలో అది ఎడంగా కనపడనే కనపడదు."

అభినయ లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. డస్ట్ అని పేరు పెట్టిన ముక్క తెరిచింది. నాలుగు చుక్కలకు తక్కువైతే చెరిపెయ్యి. తన చేత్తోనే రాసింది. శుభ్రం చేస్తున్నాననుకుంది. అక్షరాలకు మేలు చేస్తున్నాననే అనుకుంది. ఆమెకు చెప్పలేనంత సిగ్గు వేసింది. మొన్న ఆదివారం తన తలమీద చెయ్యి పెట్టి నవ్విన వరదరాజులు మామకూ తనకూ తేడా ఏముంది? ఆయనకూ కపటం లేదు, తనకూ లేదు. తనకు చదవరాని దాన్ని దుమ్మనుకుంది, అంతే.

ఆ ముక్క మొత్తం తీసేసి మళ్ళీ నడిపింది. చుక్కలు తిరిగి అక్షరాల నెత్తికెక్కాయి. పాత టీవీలో గీతలు లావుగా పడి ఆ ఎడం కప్పుకుపోయేది. కొత్త తెర మరీ నిక్కచ్చిగా ఉండి చూపించేస్తోంది. గీతల లావు కొంచెం పెంచేసరికి టిక్కులు అక్షరాల మీద ఒద్దికగా కూర్చున్నాయి.

"ఇప్పుడు బాగుండాది," అంది తంగమ్మ. "ఇప్పుడు ఆయన రాసినట్లే ఉండాది."

"అమ్మా, నాకు ఈ అక్షరాలు నేర్పిస్తావా?"

"జాతర కానీ," అని తంగమ్మ మళ్ళీ రాట్నం దగ్గరికి పోయింది. కానీ పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి తెరను చూసుకుంది.

*

గురువారం అభినయ సెలవు అడిగితే ఓనరు సగం రోజే ఇచ్చాడు. ఆ సగం రోజులో కూడా బస్సు కనకమ్మ సత్రం దగ్గర కావళ్ళలో ఇరుక్కుంది. సరిచేసిన కాపీ బ్యాగులో ఉంది, నిన్న సంఘం ఆఫీసు మూసేయడంతో ఇవ్వడం కుదరలేదు. నటరాజుకు ఫోను చేస్తే మేళంవాళ్ళ గోలలో ఆయనకు ఏమీ వినబడలేదు. "ఆమా ఆమా, అంతా రెడీ," అని తమిళంలో సరేననేసి ఫోను పెట్టేశాడు.

గుడి మండపం చేరేసరికి జనం కూర్చునే ఉన్నారు. ఇటు మగవాళ్ళు, అటు చాపల మీద ఆడవాళ్ళు. ఆడవాళ్ళలో వెనక వరుసలో స్తంభానికి ఆనుకుని తంగమ్మ. సంఘం కంప్యూటరును పెద్ద టీవీకి తగిలించి, నటరాజు దానికి కుంకుమబొట్టు కూడా పెట్టాడు. క్యాసెట్ కీచు అప్పటికే అయిపోయింది. తెరమీద మంగళవారం ఇచ్చిన కాపీ నడుస్తోంది. నెత్తిన ఏమీ లేని బోడి అక్షరాలు, గోడంత పెద్దవిగా.

 అభినయ చెప్పులు విప్పి జనంలోంచి దారి చేసుకుంటూ ముందుకు నడిచింది. ఈలోగా వరదరాజులు లేచి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఈ కాలం పిల్లలకు తెలుగు చదవడం రాదని ఆయనకు తెలుసు. చదవగలిగే తన తరం కొంచెమే మిగిలిందనీ తెలుసు. అందుకని గొంతెత్తి, అందరికీ వినబడేలా చదివాడు.

"నమస్కారం. రండి. ఏ అంచు నెయ్యాల?"

 ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘం మెట్లెక్కిన ప్రతివాడూ విన్న మాట అది. ఎవరో వెనకనుంచి, "అచ్చం దేవేంద్రనే," అన్నారు. వరదరాజులు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు గమనించాడు.

"ఏంది పాపా ఇది? అక్షరాలకి తలకట్లు ఏమాయ? ఒక్కదానికీ లేదే."

అభినయ చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. "పాత కాపీ మామా, సరిచేసి తెచ్చినా," అనబోయింది. అనేలోపే వెనక స్తంభం దగ్గరినుంచి మాట వచ్చింది. గట్టిగా కాదు. ఇంట్లో మాట్లాడినట్టే.

"లేకున్నా చదివినారు గదా అన్నా."

ఎవరన్నారా అని తలలు తిరిగాయి. తంగమ్మ స్తంభాన్ని వదిలి నిలబడి లేదు, కూర్చునే ఉంది. అన్న మాటకు తానే బిత్తరపోయినదానిలా కొంగు భుజంమీదికి లాక్కుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె తల వంచుకుంది. ఇంకొకామె, ఆమె కూడా మగదిక్కు లేనిదే, తంగమ్మ మోకాలిమీద చెయ్యి వేసింది. వరదరాజులు తంగమ్మ వైపు చూసి, మళ్ళీ తెరవైపు తిరిగాడు.  

అభినయ వంగి పెన్‌డ్రైవ్ పెట్టింది.  పాతది మూసి కొత్తది తెరిచింది. మళ్ళీ నీలం వెలుగు, మళ్ళీ కీచు. అక్షరాలు వచ్చాయి, ఈసారి తలకట్లతో సహా.

"చదువు మామా," అంది.

వరదరాజులు చదివాడు. "నమస్కారం. రండి. ఏ అంచు నెయ్యాల?"

ముందు ఎలా చదివాడో ఇప్పుడూ అలాగే చదివాడు. అది ఆయనకూ వినబడింది. ఆయన కూర్చుని, నటరాజును అంచులు చూపించమన్నాడు. మొగ్గల అంచు, పగడాల అంచు, కమలాల అంచు ఒకదాని వెనక ఒకటి తెర మీద పరుచుకున్నాయి. పిల్లలు లాప్‌టాపులు తెచ్చుకుని తమకూ ఎక్కించమని అభినయ చుట్టూ మూగారు. శ్రీకర్ మద్రాసునుంచి ఫోనుచేసి తన మాక్‌లో తెరుచుకుందని చెప్పాడు. ఆ గోలలో తంగమ్మ ఎప్పుడు లేచి వెళ్ళిందో కూతురికి తెలియలేదు.

*

శుక్రవారం అభినయ ఆఫీసుకు పోలేదు. పని కల్పించుకోలేదు.

సాయంత్రం తంగమ్మ వాకిలి కడిగి ముగ్గు వేసింది. నిన్నటి మాట ఇద్దరూ ఎత్తలేదు. నటరాజు రసీదు పుస్తకంతో రాలేదు. ఏదో జరుగుతుందని అభినయ పొద్దుటినుంచీ వీధివైపు చూసి చూసి, ఒక మాటతో ఊరు మారుతుందా అని తనను తానే తిట్టుకుంది. వీధి మలుపులో మేళం వినబడింది. తంగమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అభినయకు వినబడింది. ఆమె తిన్నె దిగలేదు. ఈసారి ఆ పల్లకి దాటిపోవడం కళ్ళారా చూడాలనుకుంది.

పల్లకి ఒక్కో ఇంటిముందూ ఆగుతూ వచ్చింది. పక్కింటి ముందు ఆగింది. హారతి, కొబ్బరికాయ, గంట. పానకం ఇచ్చారు, వరదరాజులు గటగటా తాగి గ్లాసు తిరిగిచ్చాడు. మోసేవాళ్ళు అలవాటు చొప్పున అవతలి ఇంటి మీద చూపు పెట్టి, అడుగు పెంచారు.

ముందు నడుస్తున్న వరదరాజులు, సరిగ్గా తంగమ్మ వాకిలి ముందు, ముగ్గు అంచున ఆగాడు.

పెద్దాయన ఆగితే మేళం ఆగుతుంది. మేళం ఆగితే పల్లకి ఆగుతుంది. మోసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"తంగమ్మా," అని ఆయన మూసిన తలుపును చూస్తూ పిలిచాడు. "దప్పికగా ఉండాది. కొంచం నీళ్ళియ్యి."

నటరాజు చేతిలో నీళ్ళ సీసా ఉంది. దాన్ని ముందుకు చాపబోయి, పెద్దాయన మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. "వరి కట్టిన ఇల్లు కాదే అన్నా ఇది," అని గొణిగాడు.

"నీళ్ళు తాగేదానికి వరి అడుగుతార్రా?"

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

తంగమ్మ చేతిలో నీళ్ళ చెంబు లేదు. పళ్ళెం ఉంది. పసుపు పూసిన కొబ్బరికాయ, తమలపాకులు, వక్కలు, కుంకుమ భరిణ, మూర మల్లెపూలు, మధ్యన కర్పూరం. అన్నీ ఒద్దికగా పేర్చి ఉన్నాయి. పిలుపు విని పేర్చినవి కావు. పిలిచిన క్షణంలో పేర్చగలిగినవీ కావు. మూసిన తలుపు వెనకాల, పల్లకి దాటిపోయే చప్పుడు వింటూ, ఆమె ఆ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండాలి.

అభినయకు కొబ్బరన్నం గుర్తుకొచ్చింది. జాతర మరునాడు డబ్బాలో తప్పకుండా ఉండే కొబ్బరన్నం. హారతి ఎత్తని ఇంట్లోకి ఆ కొబ్బరి ఎక్కడినుంచి వచ్చిందని, ఎనిమిదేళ్ళలో తను ఒక్కసారి కూడా అడగలేదు.

తంగమ్మ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దిగి పల్లకి ముందు నిలబడింది. కర్పూరం వెలిగించబోతే అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి వరదరాజులు గాలికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. గంట మోగింది. పూజారి కొబ్బరికాయ అందుకుని, కొట్టి, ఒక చిప్ప పళ్ళెంలో పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పల్లకి వైపు చూడలేదు, ఆ చిప్పనే చూసుకుంది.

"ఏమే," అంది కూతురితో, "మామ నీళ్ళడిగినాడు గదా. నిలబడి చూస్తా ఉండావే."

అభినయ లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పానకం తాగి ఒక నిమిషం కూడా కాని ఆ మనిషి చెంబెత్తి, గొంతులో పోసుకుని, చివరి చుక్కదాకా తాగాడు. పైకండువాతో మూతి తుడుచుకుని ముందుకు నడిచాడు. మేళం అందుకుంది.

మరునాడు అభినయ ఆఫీసుకు పెద్ద డబ్బా పట్టుకెళ్ళింది.